ఆటో టాపుకు బీమా రక్షణ ఎంత?

టాపు తీసి వేసుకునే కార్లు పెద్ద పట్టణాల వారి ముచ్చట. మన పల్లె రోడ్లపై గుడ్డ టాపుతో తిరిగేవి ఆటోలు, పాత జీపులే. గాలివానకు, విరిగిపడే కొమ్మకు ముందుగా దెబ్బ తినేది ఆ టాపే. చిరిగిన టాపు కింద వానలో ఎవరూ కూర్చోరు. టాపు పోతే ఆ రోజు కిరాయి పోయినట్లే.

"బండికి ఇన్సూరెన్సు ఉంది కదా" అని యజమానులు ధీమాగా ఉంటారు. చిక్కంతా అక్కడే ఉంది. ఖర్చు కలిసివస్తుందని థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రమే కట్టేవారు చాలామంది. 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసినది కూడా అంతవరకే. ఆ పాలసీ బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికే వర్తిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటాయి. అటువంటి తుఫానులో చెట్టు కూలి ఆటో నుజ్జయినా, థర్డ్ పార్టీ పాలసీ నుండి యజమానికి పైసా రాదు.

ఫుల్ ఇన్సూరెన్సు ఉంటే తుఫాను, వరద, వడగళ్ల వాన, పిడుగు, అగ్నిప్రమాదం, అల్లర్ల వల్ల బండికి కలిగిన నష్టానికి పరిహారం వస్తుంది. ఎవరో కక్షతో టాపును బ్లేడుతో కోసినా అడగవచ్చు. ఎండకు చీకిపోయిన గుడ్డకు, కుట్లు ఊడిన టాపుకు మాత్రం రాదు. అది వాడకపు అరుగుదల.

పరిహారంలో కోతలూ ఉన్నాయి. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం, ఫైబర్ గ్లాసు భాగాలకు 30 శాతం తరుగు తీస్తారు. ఇనుప భాగాలకు మొదటి ఆరు నెలలు తరుగు లేదు. బండి వయసు పెరిగిన కొద్దీ అది పెరిగి, పదేళ్లు దాటితే 50 శాతం అవుతుంది. ఆపైన ప్రతి క్లెయిములోనూ యజమాని భరించవలసిన వాటా ఒకటుంది. ఉదాహరణకు రెగ్జిన్ టాపుకు 4,000 రూపాయలు అయితే, దానిని ప్లాస్టిక్ కింద లెక్కించినప్పుడు 2,000 పోతుంది. మిగిలిన దానిలో యజమాని వాటా తీసేస్తారు.

క్లెయిము లేకుండా ఏడాది గడిస్తే మరుసటి ఏడు సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం రాయితీ ఉంటుంది. వరుసగా ఐదేళ్లకు అది 50 శాతానికి చేరుతుంది. ఒక్క క్లెయిముతో అదంతా పోతుంది. కనుక చిన్న చిరుగుకు సొంత ఖర్చుతో కుట్టించుకోవడమే మేలు. ఫ్రేము వంగినా, బండి నలిగినా కదిలించకముందే ఫోటోలు తీసి, కంపెనీకి తెలియజేసి, సర్వే అయిన తరువాతనే షెడ్డుకు పంపాలి.

ఇవన్నీ పాలసీ కాగితాల్లో ఉన్నవే. కాని ఆ కాగితాలు ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటాయి. సంతకం పెట్టేది మాత్రం తెలుగు చదివిన డ్రైవరు. ఏది వస్తుంది, ఏది రాదు, ఎంత కోత అన్నది ఒక పేజీలో తెలుగున అచ్చువేసి ఇవ్వడం కంపెనీలకు భారం కాదు. ప్రీమియం తీసుకునేటప్పుడే ఏజెంటు ఆ పేజీ చదివి వినిపించాలి. అప్పు మీద బండి ఇచ్చే ఫైనాన్సు వారు కూడా పాలసీ నకలు యజమాని చేతికి ఇవ్వాలి.

న్యాయమైన క్లెయిమును కంపెనీ తోసిపుచ్చితే ముందుగా ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా పరిష్కారం కాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు. ఆటో యూనియన్లు వానాకాలం రాకముందే సభ్యుల పాలసీలు ఒకసారి తీయించి చూడవలసిన అవసరం ఉంది. తుఫాను వెలిసిన తరువాత పాలసీ చదివితే ప్రయోజనం లేదు.