పరదేశ సేవయు మన గృహస్థులును

మన గోదావరీ మండలమున బిడ్డను పరదేశమునకు పంపుట యిప్పుడు వింత గాదు. రెండెకరముల మాగాణి తాకట్టు పెట్టియైనను, బ్యాంకులో అప్పు తీసియైనను, కుమారుని అమెరికాకో ఆస్ట్రేలియాకో పంపి, అతడు విమానమెక్కిన నాటి ఛాయాపటమును ముందు వసారాలో వ్రేలగట్టుకొనువారు భీమవరమున గలరు, అమలాపురమున గలరు, రాజమహేంద్రవరమున వీధికొకరు గలరు. దానిని మేము తప్పుపట్టుట లేదు. కాని యా కుమారుడే యొకనాడు వచ్చి, పట్టా కొఱకును గాదు, జీతము కొఱకును గాదు, ఆఱు మాసములు పలుదేశముల యువకులతో గూడి యొక పరాయి పల్లెలో పని చేసి తిరిగి వచ్చెదనని చెప్పినచో నా యింట నేమి జరుగునో చదువరులే యూహించుకొందురు గాక. తల్లి కన్నీరు పెట్టును. తండ్రి మేనమామను పిలిపించును. మేనమామ వచ్చి, పిల్లవానికెవరో మందు పెట్టినారని తేల్చును. ఆ మాట యన్నది కూతురైనచో మేనమామ వఱకును పోనక్కఱలేదు. నాలుగు దినములలో సంబంధము వెదకబడును.

ధనార్జనకై సముద్రము దాటవచ్చును, సేవకై దాటరాదను నీ క్రొత్త ధర్మశాస్త్రమును వ్రాసిన స్మృతికర్త యెవరో మేమెఱుగము. బౌధాయనుడు సముద్రయానమును పతనహేతువులలో జేర్చినమాట నిజమే. కాని యాయన జీతగాని విడిచిపెట్టి సేవకుని మాత్రమే పట్టుకొనలేదు. అంతేకాక, ఆ నిషేధమైనను మనలో నెవరికి వర్తించెను? పందొమ్మిదవ శతాబ్దమున మన కోరంగి రేవునుండి వేలకొలది కూలివారు ఓడలెక్కి మారిషసునకును బర్మాకును పోయిరి. బర్మాలో తెలుగు కూలివానికి కోరంగీ యనియే పేరు పడినది. రంగూను రేవులో బస్తాలు మోసినవాడు వాడే. వాని కొఱకు ప్రాయశ్చిత్తవిధిని వెదకిన పురోహితు డొక్కడైన గలడా? లేడు. సీమకు చదువుకై పోయి వచ్చినవారి విషయముననే ఆ మాట గట్టిగా వినవచ్చినది. కావున మనవారు వెఱచినది సముద్రమునకు గాదు, వంశప్రతిష్ఠకు. నేటి వెఱపును అట్టిదే. పిల్లవాడు చలిలో నేమగునో యను దిగులు పైకి చెప్పునది. వాని పెండ్లివెల యెంత తగ్గునో యను దిగులు లోపలిది.

ఇంతకును ఈ సేవాపద్ధతి యెట్లు పుట్టినదో మన గృహస్థులలో నెఱిగినవారు కొలదిమంది. దీనికి మూలపురుషుడు పియేర్ సెరెసోల్ అను స్విట్జర్లాండు దేశీయుడు. వృత్తిచే నింజనీరు. తండ్రి యా దేశమునకు అధ్యక్షుడుగా నుండిన వాడు. మొదటి మహాసంగ్రామము ముగిసిన పిమ్మట, 1920వ సంవత్సరమున, ఈయన గుప్పెడుమంది సహచరులతో ఫ్రాన్సులోని వెర్దూన్ సమీపమునకు వచ్చెను. అచ్చట ఎన్ అను పల్లె ఫిరంగుల దెబ్బకు నేలమట్టమై యుండెను. వీరు గోతులు పూడ్చి, బాటలు చక్కజేసి, నిలువ నీడ లేనివారికి కొయ్యయిండ్లు కట్టియిచ్చిరి. ఆ సహచరులలో జర్మనులును నుండిరి. విశేషమంతయు నిచ్చటనే యున్నది. ఏ జాతివారి ఫిరంగులు ఆ యిండ్లను కూల్చెనో ఆ జాతి యువకులే కూలి పుచ్చుకొనక యిండ్లు కట్టుటకు వచ్చిరి. ఊరివారు సంతోషించిరా? కొన్ని నెలలైన పిమ్మట జర్మనులిక నిచ్చట నుండరాదని స్పష్టముగా చెప్పిరి. శిబిరము నెత్తివేయవలసి వచ్చెను. సెరెసోల్ దానితో విరమింపలేదు. 1928లో రైన్ నది వరదచే పాడైన లీచ్టెన్‌స్టెయిన్ సంస్థానమున వందలకొలది యువకులు ఆయన పిలుపున వచ్చి బురద నెత్తిపోసిరి.

ఈయన మన దేశమునకును వచ్చెను. 1934 జనవరి 15వ తేదీన బీహారు భూకంపము సంభవింపగా, సుమారు ఏబది యైదేండ్ల వయసున సెరెసోల్ ఆ యేటనే బయలుదేరి వచ్చి, రాజేంద్రప్రసాదుగారితో నాలోచించి, వరదముంపునకు లోనగు పల్లెలను మెరకకు మార్చి కట్టు పనిలో చేరెను. 1937 వఱకు మూడు పర్యాయములు వచ్చి పార పట్టెను. వరదముంపనగా నేమో, పల్లెను మెరకకు చేర్చుటయనగా నేమో గోదావరి లంకలవారికి మేము చెప్పనక్కఱలేదు. 1986 ఆగష్టు వరదను చూచినవారు నేటికిని మనలో గలరు.

మనవారును ఇట్లు వెలికి పోకపోలేదు. 1938లో చీనాదేశముపై జపాను దండెత్తియుండగా, కాంగ్రెసు మహాసభ పంపిన యైదుగురు వైద్యులు ఆ దేశమునకు పోయిరి. వారిలో షోలాపురవాసియగు ద్వారకానాథ కోట్నీసు అచ్చటనే గాయపడినవారికి చికిత్స చేయుచు 1942లో ముప్పదిరెండేండ్లకే కాలధర్మము నొందెను. పరతంత్రులమై యుండియు మనము పంపగలిగితిమి. స్వతంత్రులమైన పిమ్మట నేమి చేసితిమి? 1961 మొదలు 1976 వఱకు అమెరికా దేశపు పీస్ కోర్ వారి యువకులు మన దేశమునకు వచ్చి కోళ్ల పెంపకమును, సేద్యమును, ఆరోగ్యమును గూర్చి పనిచేసి పోయిరి. వారు వచ్చిరి, మనము పోలేదు. ఇచ్చువాడొకడు, పుచ్చుకొనువాడు వేఱొకడు నను నీ సంబంధమును వినిమయమని యెట్లనుట?

వినిమయమను పేరునకు దగిన యేర్పాటు లేకపోలేదు. కెనడాలో 1971లో స్థాపింపబడిన కెనడా వరల్డ్ యూత్ అను సంస్థ మన జాతీయ సేవాపథకమువారితో గలిసి నడిపిన పద్ధతి యట్టిది. ఒక కెనడా యువకుడును ఒక భారత యువకుడును జంటగా కొన్ని మాసములు అచ్చటను, కొన్ని మాసములు ఇచ్చటను నుండవలెను. ఇరువురును గృహస్థుల యిండ్లలో వారు పెట్టినది తిని, ఊరి పని చేయవలెను. ఒకడు అతిథియైనచోట రెండవవాడు ఆతిథేయుడు. మఱల పాత్రలు తాఱుమాఱు. ఇందులో ఉద్ధరించువాడు లేడు, ఉద్ధరింపబడువాడు లేడు. ఆ సంస్థ నేడు లేదు. దాని స్థానమున మనకు దక్కినవి యెక్కువగా ప్రతినిధివర్గములు: పదిదినముల ప్రయాణము, పూలదండలు, జానపద నృత్యము, కోటల దర్శనము, సామూహిక ఛాయాపటము. ఇవి చెడ్డవని కాదు. కాని చేతికి మన్నంటని యాత్రను సేవయని పిలువరాదు.

ఇంతకంటె హేయమైనది మఱొకటి బయలుదేరినది. సేవను వెలకమ్ముచున్నారు. లక్షయో లక్షన్నరయో చెల్లించినచో పిల్లవానిని రెండు వారములు ఏదో యొక దేశమున అనాథాశ్రమములో నుంచి, ధ్రువపత్ర మిప్పింతుమని మా పట్టణమున నొక కార్యాలయమువారు చీటీలు పంచిరి. ఆ పత్రము అమెరికా విద్యాలయములో ప్రవేశమునకు పనికివచ్చునట! ఈ వాణిజ్యఫలము నేపాళమునను కంబోడియాలోను లోకమునకు తెల్లమైనది. డబ్బిచ్చి సేవచేయ వచ్చువారికి చూపుటకు అనాథలు కావలసివచ్చిరి. కావలసినపుడు తల్లిదండ్రులున్న బిడ్డలను పల్లెలనుండి తెచ్చి అనాథలను చేసిరి. రెండు వారములు ముద్దాడి పోవువారిని నమ్మి, మఱల మఱల విడువబడు పసివాని మనస్సును గూర్చి ఆ చీటీలో నేమియు వ్రాయలేదు. తమ పిల్లవాడు పుణ్యకార్యము చేసి వచ్చినాడని తలచు తండ్రి, తానిచ్చిన రూపాయలు దేనిని పోషించినవో విచారింపవలదా? వెల చెల్లించి పోవు సేవకు పంపవలదనియే మేము గట్టిగా చెప్పుచున్నాము. తిండియు బసయు నాతిథేయులే యిచ్చి, స్థానికులు కోరిన పనినే చేయించు చోటికి మాత్రమే పంపదగును.

"ఇంట గెలిచి రచ్చ గెలువు" మను సామెతను మాపై ప్రయోగించువారు గలరు. ఇచ్చట సేవకు కొదవయా, పరదేశమెందుకని వారి ప్రశ్న. మంచి ప్రశ్నయే. కాని యడుగువా రిచ్చట నేమి చేయుచున్నారు? 1969 నుండియు కళాశాలలలో జాతీయ సేవాపథకము గలదు. రెండేండ్లలో 240 గంటల పని, ఏడుదినముల ప్రత్యేకశిబిరము విధింపబడినవి. శ్రద్ధతో నడపు అధ్యాపకులను మేమెఱుగుదుము, వారికి నమస్కారము. పెక్కుచోట్ల మాత్రము ఆ యేడుదినములును బడి యరుగుమీద ఉపన్యాసములతోను, ముందే యూడ్చిన వీధిని మఱల నూడ్చుచు పటము దీయించుకొనుటతోను గడచిపోవును. శిబిరపు వంట కెవరో వంటవాడు, దొడ్డి శుభ్రపఱచుట కెవరో పేటనుండి వచ్చిన స్త్రీ. ఇంట గెలుచుట యిదియేనా?

స్వగ్రామమున పని చేయుట కష్టమగుటకు కారణము వేఱొకటి గలదు. దానిని మనము మర్యాదకై దాచుచున్నాము. ఇచ్చట పిల్లవాడు పార పట్టకముందే వాని యింటిపేరు, వాని కులము, వాని తండ్రి పొలము ఎంతయో ఊరికంతకును తెలియును. వాడెవరి పళ్లెము కడుగవచ్చునో, ఎవరి పళ్లెము కడుగరాదో ముందే నిర్ణయమై యుండును. పరదేశ శిబిరమున ఆ లెక్క యెవరికిని తెలియదు. వంతు వచ్చినదినమున మరుగుదొడ్డి కడుగవలసినదే. వంతు వచ్చినదినమున నలువదిమందికి వండవలసినదే. మంచము మీద నెవడున్నను క్రింద నెవడున్నను నిద్రింపవలసినదే. మన పిల్లలకు పరదేశము కావలసినది అచ్చటి వింతల కొఱకు గాదు, ఈ యెఱుకలేమి కొఱకు. 1996 నవంబరు తుపానున కోనసీమ కొబ్బరితోటలు నేలకొఱిగి, తీరపు మత్స్యకారుల పడవలు పోయి, వేయిమందికి పైగా మృతినొందినపుడు ఎక్కడెక్కడివారో వచ్చి శవములను మోసిరి. మన యూళ్ల పెద్దలలో నెందఱు వేఱు పేట శవమును ముట్టిరో వారి మనస్సునకే తెలియును.

మఱియు ఇరువదియాఱు సంవత్సరములు గడచిన పిమ్మట, 2022 మే 24వ తేదీన, కోనసీమ జిల్లాకు అంబేద్కరుగారి పేరు చేర్చుట కూడదని అమలాపుర వీధులలోనికి వచ్చినవారిలో పెక్కురు యువకులే. ఆనాడు మంత్రిగారి యిల్లును, శాసనసభ్యునియిల్లును తగులబడినవి. చదువు లేనివారా ఆ యువకులు? వారిలో పట్టభద్రులు గలరు. ఒక పేరును సహింపలేని చదువు వారికెవరిచ్చిరి? మా యుపాధ్యాయవర్గమే యిచ్చినది. గృహస్థులు దానికి తోడ్పడిరి. ఫ్రెంచి పల్లెవారు జర్మనులను వెళ్లగొట్టిరని చదివి మనము జాలిపడనేల? వారికి యుద్ధము ముగిసి రెండేండ్లే. మనకు ఎన్ని వందలయేండ్లో!

ఇక బాలికల మాట. మా పూర్వవిద్యార్థిని యొకతె, సేద్యశాస్త్రమున పట్టభద్రురాలు, ఆఱు మాసముల సేవకు ఎంపికయైనది. రానుపోను ఖర్చులు, భోజనము, బస నిచ్చువారే భరింతురు. తండ్రిని ఒప్పించుటకు మేము పోతిమి. ఆయన మాకు కాఫీ యిప్పించి, అంతయు విని, "జీతమెంత యిస్తారండి, మాస్టారూ?" అని యడిగెను. జీతము లేదంటిమి. "జీతం బత్తెం లేకుండా ఎవరో పరాయోళ్ల పని చేయడానికి మన పిల్లని పంపడమేంటండీ!" అని యాయన నిజముగనే యాశ్చర్యపడెను. ఆ బిడ్డ పోలేదు. ఏడాదిలో పెండ్లియై యిప్పుడు అమెరికాలో నున్నది. ఆశ్రితుల వీసా, ఉద్యోగము చేయుటకు అనుమతి లేదు. జీతము బత్తెము లేకుండ ఒక పరాయి దేశమున వంటయు, అంట్లును, పిల్లలను చూచుకొనుచున్నది. దీనికి లక్షలు కట్నముగా చెల్లించిరి. ఆశ్చర్యపడినవా రెవ్వరును లేరు.

1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించినపుడు, ఊరివారికి పట్టుకొన్న భయమును ఆడుపిల్ల క్షేమమును గూర్చినదేయని పైకి చెప్పబడెను. ఆ భయ మెవరి క్షేమమును గూర్చినదో నేడు మనకు తెలియును. దూరదేశమున బాలికకు అపాయమే లేదని మేమనము. బసయెట్టిది, తోడెవరు, కష్టము వచ్చినచో నెవరిని పిలువవలెను అని తండ్రి పదిమాఱులు విచారింపవలసినదే. కాని యా విచారణనే అల్లుని విషయమునను చేయుడని మా ప్రార్థన.

వినిమయమనగా పంపుట మాత్రమే గాదు, ఇంట నుంచుకొనుటయు నని మనవారు మఱచుచున్నారు. మన బిడ్డ కెవరో తల్లి యాఱు మాసములు అన్నము పెట్టినచో, ఆమె బిడ్డకు మన యింట నొక గదియు, ఒక పళ్లెమును ఉండవలెను గదా. ఇట్టి యేర్పాటొకటి మన ప్రాంతమునకు వచ్చినచో నుంచుకొందురా యని మేము మా వీధిలో నాలుగిండ్లవారి నడిగి చూచితిమి. రెండిండ్లవారు గది చాలదనిరి. రెండిండ్లవారు తప్పక యుంచుకొందుమనిరి. మఱునాటి యుదయమున ఆ యిరువురిలో నొకరు మా యింటికి వచ్చి, కొంతసేపు వానలను గూర్చి మాటలాడి, లేచునపుడు, వచ్చువాడు తెల్లవాడా, ఆఫ్రికావాడా యని యడిగిరి.