గంగలో ఫేజ్‌లుంటే గంగ పవిత్రమవుతుందా?

గంగనీళ్ళలో బాక్టీరియాని చంపే వైరస్‌లున్నాయని సైన్స్ కూడా ఒప్పుకుందనే ప్రచారం బస్తర్‌లోని మా తోంగ్‌పాల్ దాకా వచ్చింది. ఇక్కడి రోడ్డు సుక్మా, కుంట మీదుగా భద్రాచలం వైపు పోతుంది. మా జిల్లాలో పారే శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2027 పుష్కరాల పేరుతో ఇదే మహిమని గోదావరికీ అంటగడతారు. ఇది పూర్తి అబద్ధం కాదు, సగం నిజం. అందుకే ఎక్కువ ప్రమాదకరం.

1896లో ఆగ్రాలో పని చేస్తున్న ఎర్నెస్ట్ హాంకిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, గంగ, యమున నీళ్ళలో కలరా క్రిములు త్వరగా చస్తున్నాయనీ, నీళ్ళు మరిగిస్తే ఆ గుణం పోతోందనీ రాశాడు. అది ఫేజ్‌ల పనేనని ఆయన నిరూపించలేదు. అప్పటికి ఫేజ్‌ల సంగతే ఎవరికీ తెలియదు. 1915లో ట్వోర్ట్, 1917లో డెరెల్ వాటిని కనిపెట్టారు. డెరెల్‌కి అవి దొరికింది జిగట విరేచనాల రోగుల మలంలో. ఫేజ్‌లుండటమే పవిత్రతకి రుజువైతే ముందు దేనికి హారతి ఇవ్వాలి?

బాక్టీరియా ఉన్నచోటే ఫేజ్‌లు పెరుగుతాయి. పరిశోధకులు వాటి కోసం మురుగునీళ్ళు వెతికేది అందుకే. పైగా అన్ని ఫేజ్‌లూ మనకి మేలు చెయ్యవు. కలరా క్రిమికి విషం తయారు చేసే జన్యువుని ఇచ్చింది ఒక ఫేజేనని 1996లో వాల్డోర్, మెకలనోస్ చూపించారు.

ఒక్కో ఫేజ్ కొన్ని రకాల బాక్టీరియా మీదే పని చేస్తుంది. అందుకే రోగి ఒంట్లోని క్రిమికి సరిపోయేదాన్ని వెతికి, శుద్ధి చేసి, పరీక్షించాలి. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మానని పుండ్ల మీద చేసిన ప్రయోగాలు ఆ కోవలోవే. యాంటీబయాటిక్స్‌కి లొంగని క్రిములు పెరుగుతున్న కాలంలో ఇటువంటి పరిశోధన మనకి ఎంతో అవసరం. కానీ 2020లో గంగాజలంతో కోవిడ్‌ని నయం చెయ్యొచ్చేమో పరీక్షించమనే ప్రతిపాదన వచ్చింది. ఫేజ్‌లు సోకేది బాక్టీరియాకి, కోవిడ్ తెచ్చేది వైరస్. తగినంత శాస్త్రీయ సమాచారం లేదని భారత వైద్య పరిశోధన మండలి దాన్ని చేపట్టలేదు. అది సరైన నిర్ణయం.

2025 ఫిబ్రవరిలో, కుంభమేళా జరుగుతుండగా, ప్రయాగ్‌రాజ్‌లో పలుచోట్ల నీళ్ళలో మలసంబంధమైన బాక్టీరియా స్నానానికి ఉన్న పరిమితిని దాటిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నివేదించింది. ఆ పరిమితి వంద మిల్లీలీటర్లకి 2,500. నదిలో ఉన్న ఫేజ్‌లన్నీ కలిసి కూడా నదిని శుభ్రం చెయ్యలేదన్నమాట.

విరేచనాలతో నీరసించిన పిల్లవాడికి ఓ.ఆర్.ఎస్. కలిపి పట్టాలి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. "తీర్థంలో వైరస్‌లున్నాయి, అవే చూసుకుంటాయి" అని ఆలస్యం చేస్తే పోయేది ప్రాణం. పరిశోధనని గౌరవించేవాళ్ళు నీళ్ళు మరిగించి తాగమని చెప్పాలి, నదిలోకి మురుగు వదలొద్దని ప్రభుత్వాన్ని నిలదీయాలి.