మందును ఓడించే చిన్న మార్పు

బీజాపూర్ జిల్లాలో భోపాలపట్నం వైపున్న మద్దేడ్‌కు, దాని చుట్టుపక్కల అడవి పల్లెలకు మలేరియా పాత శత్రువే. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం చేపట్టింది. సిబ్బంది ఇంటింటికీ వెళ్లి జ్వరం లేనివారికీ రక్తపరీక్షలు చేశారు. ఒంట్లో పరాన్నజీవి ఉందో లేదో ఆ పరీక్ష చెబుతుంది. అది మందుకు లొంగుతుందా అంటే మాత్రం జవాబుండదు.

ఆ జవాబు పరాన్నజీవిలోని ఓ ఎంజైమ్‌లో ఉంది. దాని పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. అది పనిచేయకపోతే కొత్త డీఎన్ఏ తయారీ ఆగిపోతుంది. పైరిమెథమైన్ మందు దెబ్బకొట్టేది దాన్నే. మనిషిలోని ఇదే ఎంజైమ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను 1940లలో వెలుగులోకి తెచ్చింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. రక్త క్యాన్సర్ చికిత్సకు అది దారి చూపింది.

ఎంజైమ్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. వాటిలో ఏది కీలకమో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఒక్కోదాన్ని మార్చి, ఎంజైమ్ పని ఎంత తగ్గిందో కొలుస్తారు. ఈ పద్ధతికి పునాది వేసిన మైఖేల్ స్మిత్‌కు 1993లో నోబెల్ దక్కింది. ఫాల్సిపారమ్ మలేరియా ఎంజైమ్‌లో 54వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం అలాంటి కీలకమే. దాన్ని మారిస్తే ఎంజైమ్ చతికిలబడుతుంది. 108వ స్థానం కథ వేరు. అక్కడ సెరీన్ బదులు ఆస్పరజీన్ చేరితే ఎంజైమ్ పని సాగుతుంది, మందుకే పట్టు చిక్కదు. 1988లో పరిశోధకులు బయటపెట్టిన గుట్టు ఇదే. 51, 59, 164 స్థానాల్లోనూ మార్పులు తోడైతే మందు మరింత నీరసిస్తుంది.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన లెక్క కాదు. ఫాల్సిపారమ్‌కు ఆర్టిసునేట్‌తో పాటు సల్ఫాడాక్సిన్-పైరిమెథమైన్ ఇవ్వాలని 2010లో దేశమంతటికీ నిర్ణయించారు. ఈశాన్య రాష్ట్రాల్లో ఆ జోడీ విఫలమవుతుండటంతో 2013లో అక్కడ ఆర్టిమెథర్-ల్యూమెఫాంట్రిన్‌కు మారాల్సివచ్చింది. తోడు మందు చచ్చుబడితే భారమంతా ఆర్టిసునేట్ మీదే పడుతుంది. అదీ పోతే మిగిలే దారులు తక్కువ.

పరాన్నజీవి మార్చుకోలేని భాగాలనే పట్టుకునేలా మందు చేస్తే? థాయ్‌లాండ్ శాస్త్రవేత్త యోంగ్‌యుత్ యుథావోంగ్ బృందం 2012లో ప్రకటించిన పి218 వెనుక ఆలోచన అదే. అలాంటి మందు పల్లెకు చేరేలోగా ఉన్నదాన్ని కాపాడుకోవాలి. అందుకు పెద్ద హంగామా అక్కర్లేదు. పరీక్షకు వేలు గుచ్చినప్పుడే మరో చుక్కను వడపోత కాగితంపై ఆరబెట్టి పంపితే, 108వ స్థానంలో ఏముందో ల్యాబ్ చెబుతుంది. మద్దేడ్ లాంటి చోట రోగులను లెక్కిస్తే సరిపోదు. వారికిచ్చే మాత్ర పనిచేస్తోందో లేదో కూడా చూడాలి.