తీర్థమును నీటిపరీక్షయు

మార్కాపురమున చెన్నకేశవస్వామి సన్నిధిని కన్నులు మూసి తీర్థము పుచ్చుకొను భక్తుఁడు, ఇంటికేగి తన బోరునీటిని పరీక్షకు పంపినచో, అతని భక్తికేమి లోటు? నాఁటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో పండ్లు గారపట్టి, నడుములు వంగి, కీళ్లు బిగిసి, కర్మఫలమని సరిపెట్టుకొనిన నిరుపేదల బాధకు భూగర్భజలమందలి ఫ్లోరైడే మూలమని 1937లో షార్ట్ ప్రభృతి వైద్యులు ప్రకటించిరి. ఆ సత్యము ఏ దైవమునకును అపచారము చేయలేదు, అమాయకుల తలపైనున్న పాపభారమును మాత్రము దించినది. విశ్వాసము దుఃఖమును ఓర్చుకొను బలమీయవలెను గాని, దుఃఖకారణమును వెదకు కంటికి గంతలు కట్టరాదు. గిద్దలూరు మొదలు కనిగిరి దాఁక గల సోదరులారా, స్వామికి కొబ్బరికాయ కొట్టుఁడు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు మీ నీటిలో నున్నదేమో పరీక్షింపించుకొనుఁడు.