పరిశీలకుడు ఎవరు?

కరీంనగరంలో జరిగిన ఒక విజ్ఞాన సభలో వక్తగారు, "చూచేవాడు లేనిదే లోకమే లేదని క్వాంటం శాస్త్రం నిరూపించింది" అని సెలవిచ్చారు. చప్పట్లు మ్రోగాయి. మరునాడు ఉర్దూ మాధ్యమ విద్యార్థి ఒకడు నన్ను వరండాలో ఆపి, "సార్, 29వ నాటి సాయంత్రం మనం మిద్దెలెక్కి చూస్తేనే నెలవంక పుడుతుందా?" అని అడిగాడు. సభలో వినిపించిన మాటలన్నిటికంటె ఆ ప్రశ్నయే శాస్త్రీయమని నా అభిప్రాయం.

నేను భాషోపాధ్యాయుణ్ణి, భౌతికశాస్త్రం నా వృత్తి కాదు. కాని ఇక్కడ తప్పు సగం మాటలోనే ఉన్నది. 'పరిశీలకుడు' అనగానే తెలుగువారికి కండ్లూ మనస్సూ గల మనిషి గోచరిస్తాడు. ఉర్దూలో 'ముషాహిదా' అంటే సూఫీల సాక్షాత్కార భావం కూడా వెంట వస్తుంది. పారిభాషిక పదం ఎంత చిక్కైనదో 1917లో హైదరాబాదున ఏర్పడిన దారుల్ తర్జుమా పండితులకు తెలియనిది కాదు. ఆంగ్లంలోనూ ఈ చిక్కు తీరలేదు. 'కొలత' అన్న మాటనే క్వాంటం చర్చలనుండి బహిష్కరించాలని జాన్ బెల్ 1990లో వాదించాడు.

వాస్తవమేమనగా, ఎలక్ట్రాన్ రెండు చీలికలలో దేనిగుండా పోయినదో తెలిపే జాడ ఎక్కడైనా మిగిలితే చాలు, తెరపై ఏర్పడే చారలు చెదిరిపోతాయి. ఆ జాడను ఎవరూ చదువనక్కరలేదు. 2004లో వియన్నా శాస్త్రజ్ఞులు 70 కార్బన్ పరమాణువులు గల అణువులను బాగా వేడిచేసి పంపారు. ఆ అణువులు తామే వెదజల్లిన ఉష్ణకాంతి వాటి దారిని బయటపెట్టగా, చారలు మాసిపోయాయి. అక్కడ చూచినవాడెవడు?

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి. ఆర్. రావు గారు, అంచనాలోని దోషం ఎంతకు తగ్గగలదో 1945లో హద్దు కట్టి చూపారు. (ఈ సంగతి మన పట్టభద్రులలో ఎందరెరుగుదురో!) 1967లో హెల్‌స్ట్రమ్ దానికి క్వాంటం రూపమిచ్చాడు. ఆ లెక్కలో వ్యవస్థ స్థితి ఉన్నది. మనిషి మనస్సు లేదు.

అయితే వక్తగారి మాటలో సత్యాంశం బొత్తిగా లేదనను. నెలవంక మనం చూడకముందే ఉన్నది. ఎలక్ట్రాన్ గుణం మాత్రం కొలతకు ముందే దాని వద్ద సిద్ధంగా ఉన్నదనే సులభమైన ఊహ నిలువలేదు. ఆ ఊహను ప్రయోగాలతో పడగొట్టిన ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమతి లభించింది. అనేక అవకాశాలలో ఒక్కటే ఫలితంగా ఎందుకు దక్కుతుందో శాస్త్రజ్ఞులలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. తీరని ప్రశ్నను తీరినదిగా పిల్లలకు చెప్పడమే నాకు సమ్మతం కాదు.

కమిటీ పెద్దలకు నాదొక విన్నపం. మన కళాశాలలో ఇటువంటి ఉపన్యాసం ఏర్పాటు చేసినప్పుడు చివర అరగంట ప్రశ్నలకు కేటాయించండి. తెలుగులోనైనా, ఉర్దూలోనైనా అడుగనివ్వండి. ఆ కుర్రవాణ్ణి నేను ముందు వరుసలో కూర్చోబెడతాను.