ఛార్జింగు ఎక్కకుంటే బ్యాటరీ పోయినట్టేనా?

జూపాడు బంగ్లా నుంచి నందికొట్కూరుకు కూరగాయలు మోసే బ్యాటరీ ఆటో ఎండాకాలంలో ఉన్నట్టుండి మొరాయిస్తుంది. ఛార్జింగు ఎక్కదు, ఎక్కినా బరువు గుంజదు. షెడ్డుకు తోలితే 'బ్యాటరీ పోయింది, మార్చాల' అంటారు. బండి ఖరీదులో పెద్ద వాటా బ్యాటరీదే. ఆ మాట విని అప్పు కోసం పరుగెత్తకండి. లోపం వేడిని కొలిచే సెన్సారుది కావచ్చు. దాని ఖరీదు పదుల రూపాయల్లోనే.

బ్యాటరీ లోపల సెల్లులకు అంటుకుని మిరియపు గింజంత థర్మిస్టరు ఉంటుంది. వేడెక్కితే దాని నిరోధం తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. వాడుకలో ఉన్న ఒక రకం 25 డిగ్రీల దగ్గర 10 వేల ఓములు, 50 డిగ్రీల దగ్గర సుమారు 3,600 ఓములు చూపిస్తుంది. ఆ లెక్కను బట్టే కంట్రోలు బోర్డు ఛార్జింగు ఇస్తుంది, ఆపుతుంది. సెన్సారు వైరు తెగితే నిరోధం అంతులేకుండా పెరిగి, బోర్డుకు మైనస్ 40 డిగ్రీల చలిగా తోస్తుంది. మే నెలలో మన నంద్యాల జిల్లాలో మైనస్ 40! సున్నా కింద ఛార్జింగు పనికిరాదు గనుక బోర్డు ఆపేస్తుంది. వైర్లు రెండూ కలిసిపోతే దీనికి తిరగబడి, విపరీతమైన వేడి చూపిస్తుంది.

అయితే అన్నిసార్లూ సెన్సారును తిట్టకండి. లిథియం బ్యాటరీకి సాధారణంగా 45 డిగ్రీలు దాటితే ఛార్జింగు ఇవ్వకూడదు. మన ఎండకు రేకుల కింద నిలిపిన బండి ఆ వేడిని సులువుగా అందుకుంటుంది. వేపచెట్టు నీడన పెట్టి, పొద్దుగూకినాక పెట్టి చూడండి. తెల్లారుజామున కూడా ఎక్కకుంటే అప్పుడు అనుమానించాలి.

పరీక్ష ఇట్లా. రాత్రంతా బండిని కదపకుండా, ఛార్జింగు పెట్టకుండా నీడన ఉంచి, పొద్దున్నే మెకానిక్కుతో కంప్యూటరులో సెన్సార్ల అంకెలు చూపించమనండి. అన్నీ గాలి వేడికి దగ్గర దగ్గరగా ఉండాలి. ఒక్కటే పది డిగ్రీలు తేడాగా ఉంటే లోపం దానిదో, దాని వైరుదో, కనెక్టరుదో. వైరు కదిపితే అంకె ఎగిరిందా, అతుకు వదులైందన్నమాట. నీళ్ళ పైపుతో బలంగా కడిగినా, ఎలుక కొరికినా ఇదే గతి. పొద్దున అన్నీ సమంగా ఉండి, బరువెత్తినప్పుడు మాత్రం ఒకటి పెరిగితే ఆ అంకెను నమ్మండి. అక్కడ సెల్లు బలహీనపడి ఉండొచ్చు, లేదా జాయింటు వదులై ఉండొచ్చు.

ఒక్క పని మాత్రం ఒప్పుకోవద్దు. సెన్సారు తీసేసి ఆ చోట మామూలు రెసిస్టరు అతికిస్తే బండి నడుస్తుంది. ఎప్పుడూ 25 డిగ్రీలే అని బోర్డు భ్రమపడుతుంది, లోపల మండుతున్నా తెలియదు. 2022 ఏప్రిల్లో విజయవాడలో, నిజామాబాదులో ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీలు ఇళ్ళల్లోనే పేలి ప్రాణాలు తీశాయి. అవి సెన్సారు వల్ల జరిగాయని అనడం లేదు. ఆ ఏడు ఇట్లాంటి మంటలు వరుసగా లేచాకే కేంద్రం ఏఐఎస్ 156 ప్రమాణాలను కఠినం చేసి, డిసెంబరు 2022 నుంచి విడతలుగా అమలు చేసింది. బ్యాటరీ వేడిని అంకెల్లో చూపే మీటరు ప్రతి బండికీ పెట్టించాలని నేనంటాను. పెట్రోలు ఎంతుందో చూపే బండికి ఇదేం గొప్ప పని?

ప్యాకు మీరు విప్పవద్దు. వారంటీ పోతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ మార్చాలంటే ఏ సెన్సారు ఎన్ని డిగ్రీలు చూపిందో బిల్లు మీద రాసివ్వమనండి.