తాబేళ్ల లెక్కలో పర్యాటకులకూ చోటివ్వండి

రాష్ట్ర పర్యాటక శాఖ కమిషనర్ గారికి,

ఏటా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి విశాఖ తీరానికి వస్తాయి. ఆ రోజుల్లోనే చచ్చినవీ కొట్టుకొస్తుంటాయి: ఉబ్బిన మెడ, రెక్కకు చుట్టుకున్న నైలాన్ వల ముక్క. పర్యాటకులు చుట్టూ మూగి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. పొడవు తెలిసేలా పక్కన చెప్పు పెట్టి తీసిన అదే ఫొటోను తేదీ, చోటుతో, జీవుల ఫొటోలు నమోదు చేసే యాప్ ఐనేచురలిస్ట్‌లో పెడితే శాస్త్రవేత్తలకు పనికొస్తుంది. ఏ వారంలో, ఏ తీరంలో చావులు పెరుగుతున్నాయో తెలిస్తే, ట్రాలర్ వలల్లో తాబేళ్లు తప్పించుకునే పరికరం పెట్టించాలని గట్టిగా అడగొచ్చు.

రుషికొండ బీచ్‌లో ఇది ఎలా చేయాలో చెప్పే తెలుగు, హిందీ, బెంగాలీ బోర్డులు పెట్టించండి. జాలరి యువతకు గైడ్లుగా శిక్షణ, జీతం ఇవ్వండి. సముద్రం వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. గుడ్లున్న చోటు మాత్రం అటవీ శాఖకే చెప్పాలి, బయట పెట్టకూడదు. వచ్చే జనవరిలోపే మొదలుపెట్టండి.

ఇట్లు,
విశాఖ వాసి